చిన్న కార్యాలయానికి డెబియన్ సర్వర్‌పై ఓపెన్ స్టాండర్డ్స్‌తో నెట్‌వర్క్ సేవలను ఏర్పాటు చేయడం ఎలా?

ముందుగా ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో మీకు కావలసిన సేవ పేరు, రెండో గడిలో ఆ సేవ పాటించే ప్రమాణం, మూడో గడిలో పోర్టు సంఖ్య (ఒకే యంత్రంలోని సేవలను వేరువేరుగా గుర్తించే అంకె), నాలుగో గడిలో అదే ప్రమాణాన్ని పాటించే మరో ప్రోగ్రాం పేరు రాయండి. ఏ సేవకైనా నాలుగో గడి ఖాళీగా మిగిలిపోతే, ఆ సేవను ఆ రూపంలో పెట్టుకునే ముందు మరొకసారి ఆలోచించండి. ఈ రోజు మీరు వాడుతున్న ప్రోగ్రాం రేపు ఆగిపోయినా, దాని ధర మీ స్తోమతను దాటిపోయినా, మీ సమాచారంతో సహా మరో దానికి మారిపోగల దారి ఉందో లేదో చెప్పేది ఆ గడి ఒక్కటే.

ఇరవై ముప్పై కంప్యూటర్లున్న కార్యాలయాన్నో కళాశాల ల్యాబునో దృష్టిలో పెట్టుకుని, డెబియన్ లినక్స్‌పై ఈ పనిని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. వరుస ముఖ్యం. గడియారం సరిగా లేని సర్వర్‌పై సర్టిఫికెట్లు (సర్వర్ గుర్తింపును ధ్రువీకరించే డిజిటల్ పత్రాలు) పనిచేయవు, పేర్ల సేవ (డీఎన్‌ఎస్, అంటే పేరును బట్టి చిరునామాను చెప్పేది) లేని నెట్‌వర్క్‌లో ఫైళ్ల సేవను వెతుక్కోవడం కష్టమవుతుంది. అందువల్ల ఒక్కొక్క మెట్టు పూర్తయి, పరీక్షకు నిలిచిన తరువాతే పై మెట్టుకు వెళ్లాలి.

ఓపెన్ స్టాండర్డ్ అంటే ఏమిటన్న విషయంలో మన దేశంలో ఒక అధికారిక నిర్వచనం ఉంది. భారత ప్రభుత్వం 2010 నవంబరులో ఇ-గవర్నెన్స్ కోసం ఓపెన్ స్టాండర్డ్స్ విధానాన్ని ప్రకటించింది. ప్రమాణ పత్రం అందరికీ అందుబాటులో ఉండాలని, దానిని అమలు చేయడానికి రాయల్టీ చెల్లించవలసిన అవసరం ఉండకూడదని, లాభాపేక్ష లేని సంస్థ దానిని నిర్వహించాలని, వర్తించిన చోట భారతీయ భాషలకు తోడ్పాటు ఉండాలని ఆ విధానం చెబుతుంది. ఇంటర్నెట్ ప్రమాణాలలో అత్యధికం ఆర్‌ఎఫ్‌సీలనే పత్రాల రూపంలో ఉంటాయి. మొదటి ఆర్‌ఎఫ్‌సీని స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్‌లో రాశారు. నాటి నుండి నేటి వరకు వాటిని ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. కాగితంలోని రెండో గడిలో వీలైన చోటల్లా ఆర్‌ఎఫ్‌సీ సంఖ్యనే రాయండి.

సర్వర్‌ను సిద్ధం చేయడం

డెబియన్ ఇన్‌స్టాలర్ చివరి దశలో ఏ సాఫ్ట్‌వేర్ కావాలని అడిగినప్పుడు డెస్క్‌టాప్ పక్కనున్న టిక్కులన్నీ తీసేసి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుండి భద్రంగా కమాండులు నడిపే పద్ధతి) సర్వర్, ప్రామాణిక సిస్టమ్ యుటిలిటీలు అనే రెండింటిని మాత్రమే ఉంచండి. సర్వర్‌లో లేని ప్రోగ్రాంకు భద్రతా లోపం వచ్చినా మీకు బెంగ ఉండదు.

తరువాత సర్వర్‌కు స్థిరమైన ఐపీ చిరునామా ఇవ్వాలి. ప్రైవేటు నెట్‌వర్కుల కోసం ఆర్‌ఎఫ్‌సీ 1918 కేటాయించిన మూడు శ్రేణులలో, 192.168తో మొదలయ్యే దానిని చాలామంది అలవాటుగా వాడేస్తారు. అయితే ఇళ్లలోని వైఫై రౌటర్లు ఎక్కువగా వాడేది కూడా అదే కాబట్టి, ఉద్యోగి ఇంటి నుండి వీపీఎన్ ద్వారా కార్యాలయానికి కలిసిన రోజున రెండు చిరునామాలు ఢీకొని ఏదీ తెరుచుకోదు. అందుకని 10తో మొదలయ్యే శ్రేణిలో అంతగా వాడుకలో లేని ఒక భాగాన్ని, ఉదాహరణకు 10.20.30.0 నుండి 10.20.30.255 వరకు, ఎంచుకోండి. అందులో మొదటి 49 చిరునామాలను సర్వర్లకు, ప్రింటర్లకు, స్విచ్చులకు వదిలి, 100 నుండి 199 వరకు మిగిలిన కంప్యూటర్లకు కేటాయించండి. మన సర్వర్‌కు 10.20.30.5 అనుకుందాం. డెబియన్‌లో ఈటీసీ డైరెక్టరీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో డీహెచ్‌సీపీ (చిరునామాను నెట్‌వర్క్ నుండి దానంతటదే తీసుకునే పద్ధతి) అన్న పదాన్ని స్టాటిక్ అని మార్చి, కింది వరుసల్లో చిరునామాను, గేట్‌వేను (బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే రౌటర్ చిరునామాను) రాస్తే సరిపోతుంది.

లోపలి నెట్‌వర్క్‌కు పేరు పెట్టేటప్పుడు డాట్ లోకల్ అనే తోకను వాడకండి. అది మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ (సర్వర్ లేకుండా యంత్రాలు ఒకదాని పేరు మరొకటి తెలుసుకునే పద్ధతి) కోసం ఆర్‌ఎఫ్‌సీ 6762లో కేటాయించిన పేరు. దానిని మామూలు డీఎన్‌ఎస్‌లో పెడితే మ్యాక్, లినక్స్ యంత్రాలు కొన్ని ఒకచోట, కొన్ని మరోచోట వెతుకుతాయి. మీ సంస్థకు రిజిస్టర్ చేసిన డొమైన్ ఉంటే దాని కింద ఒక ఉపడొమైన్ పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు, ఎందుకంటే అటువంటి పేర్లకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుండి ఉచిత సర్టిఫికెట్లు పొందవచ్చు. డొమైన్ లేకపోతే, ప్రైవేటు వాడకం కోసమని 2024లో ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ ప్రత్యేకించిన డాట్ ఇంటర్నల్‌ను వాడండి.

దూరం నుండి నిర్వహణ: ఎస్ఎస్‌హెచ్

1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులను దొంగతనంగా సేకరించారు. ఆ తరువాత అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ ఎస్ఎస్‌హెచ్‌ను తయారు చేశారు. ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23 ఉండగా మధ్యలో ఖాళీగా ఉన్న 22వ పోర్టును ఆయన అడిగి తీసుకున్నారు. 2006లో ఇది ఆర్‌ఎఫ్‌సీ 4251, ఆ తరువాతి మూడు పత్రాల రూపంలో ప్రమాణమైంది. కాగితంలో మొదటి వరుసగా దీనినే రాయండి. నాలుగో గడిలో డ్రాప్‌బేర్ అని రాయవచ్చు.

మీ సొంత కంప్యూటర్‌లో ఎస్ఎస్‌హెచ్ కీజెన్ కమాండుతో ఈడీ25519 రకం కీ జతను (మీ దగ్గరే దాచుకునే ప్రైవేట్ కీ, సర్వర్‌కు ఇచ్చే పబ్లిక్ కీ) తయారు చేసి, పబ్లిక్ కీని ఎస్ఎస్‌హెచ్ కాపీ ఐడీ కమాండుతో సర్వర్‌కు పంపండి. పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి వెళ్లగలుగుతున్నారని నిర్ధారించుకున్నాకే, సర్వర్ సెట్టింగుల ఫైల్లో పాస్‌వర్డ్ ప్రవేశాన్ని నిలిపివేయండి. ఎస్ఎస్‌హెచ్‌డీ కమాండును చిన్న టి స్విచ్చుతో (కమాండు పేరు తరువాత -t అని రాసి) నడిపితే ఫైల్లో తప్పులున్నాయో లేదో చెబుతుంది. సేవను రీస్టార్ట్ చేసిన తరువాత ఇప్పుడున్న కిటికీని మూసేయకుండా, రెండో కిటికీ తెరిచి లోపలికి వెళ్లి చూడండి. మొదటి కిటికీని తొందరపడి మూసేసి, సర్వర్ గది తాళంచెవి కోసం పరుగెత్తినవారు చాలామంది ఉన్నారు.

గడియారం: ఎన్‌టీపీ

డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ రూపొందించిన, నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ, 1985లో ఆర్‌ఎఫ్‌సీ 958గా వెలువడి, 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5905తో నాలుగో రూపాంతరానికి చేరింది. ఇది యూడీపీ (చేరిందో లేదో చూసుకోకుండా సందేశాలు పంపే పద్ధతి) 123వ పోర్టుపై నడుస్తుంది. డెబియన్‌లో మొదటి నుండి ఉండే సిస్టమ్‌డీ టైమ్‌సింక్‌డీ సమయాన్ని తెచ్చుకోగలదు గాని ఇతరులకు ఇవ్వలేదు. కాబట్టి డెబియన్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఆప్ట్ కమాండుతో క్రోనీ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి.

మన దేశంలో దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలు, సంస్థలు తమ యంత్రాల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో సరిచూసుకోవాలని, లాగులను (యంత్రాలు తమలో జరిగినవి రాసుకునే నమోదులను) 180 రోజుల పాటు భద్రపరచాలని చెబుతున్నాయి. ఎన్‌ఐసీ సర్వర్ల పేర్లు సమయ్1, సమయ్2 అని, ఆ సంస్థ డొమైన్ కింద ఉంటాయి. వాటిని క్రోనీ సెట్టింగుల ఫైల్లో సర్వర్ అనే పదం తరువాత రాసి, డెబియన్ ఇచ్చిన పూల్ వరుసను కూడా ఉంచండి. కనీసం నాలుగు వనరులుంటే వాటిలో ఒకటి తప్పు సమయం చెప్పినా మిగిలిన మూడింటితో పోల్చి క్రోనీ దానిని పక్కన పెట్టగలుగుతుంది. ఆ తరువాత అలౌ అనే పదం పక్కన మీ నెట్‌వర్క్ శ్రేణిని రాస్తే, లోపలి కంప్యూటర్లన్నీ మీ సర్వర్‌నే సమయం అడగవచ్చు.

క్రోనీ సీ కమాండుకు సోర్సెస్ అనే మాట జోడించి నడిపితే వనరుల పట్టిక కనిపిస్తుంది. వాటిలో ఒక వరుస ముందు నక్షత్రం గుర్తు రావాలి. సర్వర్ ప్రస్తుతం అనుసరిస్తున్నది ఆ వనరునే. ఐదు నిమిషాలైనా నక్షత్రం రాకుండా ప్రశ్నార్థకాలే ఉంటే మీ రౌటర్ 123వ పోర్టును అడ్డుకుంటున్నదేమో చూడండి. లాగుల విషయంలో, సిస్టమ్‌డీ జర్నల్ డిస్కులో తనకు కేటాయించిన స్థలం నిండగానే పాతవాటిని తీసేస్తుంది కాబట్టి, ఆ పరిమితిని పెంచి, 180 రోజుల లాగులు నిజంగా నిలుస్తున్నాయో లేదో ఆరు నెలల తరువాత మరిచిపోకుండా సరిచూసుకోవాలి.

పేర్లు: డీఎన్‌ఎస్

పాల్ మొకపెట్రిస్ 1983లో ప్రతిపాదించిన డీఎన్‌ఎస్, 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035లతో నేటి రూపానికి వచ్చింది. చిన్న నెట్‌వర్కులకు డీఎన్‌ఎస్ మాస్క్ అనే తేలికైన ప్రోగ్రాం చాలునని చాలామంది సలహా ఇస్తారు. పది కంప్యూటర్ల వరకు నేనూ అదే చెబుతాను. అంతకు మించితే బైండ్ 9ను ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. దానికి కారణం జోన్ ఫైలు. పేర్లు, చిరునామాలు రాసుకునే ఆ ఫైలు ఎలా ఉండాలో ఆర్‌ఎఫ్‌సీ 1035 స్వయంగా నిర్దేశించింది. బైండ్ కోసం రాసిన జోన్ ఫైలును ఎన్‌ఎస్‌డీ, నాట్ అనే ఇతర డీఎన్‌ఎస్ ప్రోగ్రాములు కూడా ఒక్క అక్షరం మార్చకుండా చదువుకుంటాయి. ప్రోటోకాల్‌తో పాటు నిల్వ చేసే రూపం కూడా ప్రమాణమైన సేవలు తక్కువ. అటువంటిది దొరికినప్పుడు వదులుకోకూడదు.

జోన్ ఫైల్లో కొత్తవారు చేసే తప్పులు రెండే. మొదటిది చివరి చుక్క. ఫైల్స్ డాట్ ఆఫీస్ డాట్ ఇంటర్నల్ అని పూర్తి పేరు రాసి చివర చుక్క పెట్టకపోతే, బైండ్ దానిని సగం పేరుగా భావించి ఆఫీస్ డాట్ ఇంటర్నల్ అనే తోకను మరొకసారి తగిలిస్తుంది. మీరు అడిగిన పేరు దొరకదు, ఎవరూ అడగని పేరు మాత్రం ఉంటుంది. రెండోది సీరియల్ సంఖ్య. ఫైలు మార్చిన ప్రతిసారీ దానిని పెంచకపోతే రెండో డీఎన్‌ఎస్ సర్వర్‌కు మార్పు జరిగిందని తెలియదు. సంవత్సరం, నెల, తేదీ, ఆ రోజులో ఎన్నో మార్పు అన్న వరుసలో పది అంకెలు రాసే పద్ధతి మంచిది: 2025 జూన్ 14న చేసిన రెండో మార్పు 2025061402 అవుతుంది. ఫైలును సేవలోకి తెచ్చే ముందు నేమ్‌డీ చెక్‌జోన్ కమాండుతో పరీక్షించండి.

పోర్టు 53ను యూడీపీకి, టీసీపీకి (చేరినట్టు నిర్ధారించుకుంటూ పంపే పద్ధతి) రెండింటికీ తెరవాలి. డీఎన్‌ఎస్ అంటే యూడీపీ మాత్రమే అని నమ్మి టీసీపీని మూసేసిన ఫైర్‌వాల్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి. జవాబు పెద్దదైనప్పుడు సర్వర్ దానిని కత్తిరించి, టీసీపీలో మళ్లీ అడగమని చెబుతుంది; ఆ దారి మూసి ఉంటే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. డిగ్ కమాండుతో ఒకసారి మామూలుగా, మరొకసారి ప్లస్ టీసీపీ అని చేర్చి అడిగితే నిమిషంలో తేలిపోతుంది. అలాగే, ఇతరుల తరఫున పేర్లు వెతికిపెట్టే పనిని మీ నెట్‌వర్క్ శ్రేణికే పరిమితం చేస్తూ అలౌ రికర్షన్ వరుసను స్పష్టంగా రాయండి. బయటివారికి తెరిచి ఉంచిన సర్వర్‌ను ఇంకెవరిమీదనో దాడికి సాధనంగా వాడుకుంటారు.

చిరునామాల పంపిణీ: డీహెచ్‌సీపీ

ఆర్‌ఎఫ్‌సీ 2131 ప్రకారం పనిచేసే డీహెచ్‌సీపీలో నాలుగు సందేశాలుంటాయి. కొత్తగా వచ్చిన కంప్యూటర్ ‘ఎవరైనా ఉన్నారా’ అని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతుంది, సర్వర్ ఒక చిరునామాను చూపుతుంది, కంప్యూటర్ అదే కావాలంటుంది, సర్వర్ సరేనంటుంది. ఐఎస్‌సీ అనే సంస్థ పాత డీహెచ్‌సీపీ సర్వర్ నిర్వహణ 2022తో ముగిసింది కాబట్టి, అదే సంస్థ తయారు చేస్తున్న కియాను ఇన్‌స్టాల్ చేయండి. దాని సెట్టింగులు జేసన్ (బ్రాకెట్లు, కామాలతో సమాచారాన్ని అమర్చే పద్ధతి) రూపంలో ఉంటాయి. ఒక్క కామా తప్పినా సేవ మొదలు కాదు, కనుక చిన్న టి స్విచ్చుతో ముందుగా పరీక్షించాలి. చిరునామాల శ్రేణి, గేట్‌వే, డీఎన్‌ఎస్ సర్వర్, ఎన్‌టీపీ సర్వర్ అనే నాలుగు విషయాలను రాసి, ప్రింటర్లకు వాటి మ్యాక్ చిరునామాల (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే సంఖ్యల) ఆధారంగా స్థిరమైన కేటాయింపులు చేయండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డీఎన్‌ఎస్ సర్వర్ల జాబితాలో మీ సర్వర్ తరువాత, ముందుజాగ్రత్త అనుకుని బయటి పబ్లిక్ డీఎన్‌ఎస్‌ను చేర్చకండి. కంప్యూటర్లు రెండోదానిని ఎప్పుడు అడుగుతాయో మన చేతిలో ఉండదు. దానిని అడిగిన ప్రతిసారీ లోపలి పేర్లు లేవనే జవాబు వస్తుంది. రెండోది కావాలంటే రెండో బైండ్ సర్వర్‌నే పెట్టాలి.

‘ఎవరైనా ఉన్నారా’ అన్న పిలుపుకు ఎవరు ముందు పలికితే వారి మాటే చెల్లుతుందన్నది ఈ ప్రమాణంలోని బలహీనత. నేను చూసుకున్న ఒక కళాశాల ల్యాబులో ఒకనాటి ఉదయం సగం కంప్యూటర్లకు ఫైళ్ల సర్వర్ కనిపించడం మానేసింది. సర్వర్‌లో ఏ లోపమూ లేదు. పనిచేయని కంప్యూటర్ ముందు కూర్చుని చిరునామా చూస్తే 10.20కి బదులు 192.168తో మొదలవుతోంది. సర్వర్‌లో, తీగ మీద పోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌ను డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టులపై నడిపించి, ఒక కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయించాను. పిలుపు ఒకటే, పలికినవారు ఇద్దరు. రెండో వారి మ్యాక్ చిరునామాలోని మొదటి ఆరు అంకెలను బట్టి అది ఇళ్లలో వాడే వైఫై రౌటర్ అని తెలిసింది. స్విచ్చులో ఆ మ్యాక్ చిరునామా ఏ పోర్టులో ఉందో చూసి తీగ వెంట వెళితే, స్టాఫ్ రూములో బీరువా వెనుక ఎవరో ఫోన్లకు వైఫై కోసం తెచ్చి తగిలించిన పాత రౌటర్ దొరికింది. మీ స్విచ్చులో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (నమ్మదగని పోర్టుల నుండి వచ్చే డీహెచ్‌సీపీ జవాబులను అడ్డుకునే) సౌకర్యం ఉంటే మొదటి రోజే ఆన్ చేసి, సర్వర్ ఉన్న పోర్టును మాత్రమే నమ్మదగినదిగా గుర్తించండి.

ఫైళ్లు: ఎస్ఎంబీ, ఎన్‌ఎఫ్‌ఎస్

విండోస్ కంప్యూటర్లున్న చోట ఫైళ్ల పంపిణీకి ఎస్ఎంబీ తప్పదు. దీని కథ మిగిలినవాటికి భిన్నం. ఐబీఎంలో పుట్టి మైక్రోసాఫ్ట్ చేతుల్లో పెరిగిన ఈ ప్రోటోకాల్‌ను, కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చదువుతున్న ఆండ్రూ ట్రిడ్జెల్, తీగల మీద పోయే ప్యాకెట్లను గమనిస్తూ అర్థం చేసుకుని 1991, 92 ప్రాంతాల్లో, ఎస్ఎంబీని లినక్స్ వంటి వ్యవస్థలపై నడిపే సాంబా ప్రాజెక్టుకు పునాది వేశారు. యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కు వ్యతిరేకంగా ఇచ్చిన తీర్పుపై సాగిన సుదీర్ఘ వివాదం తరువాత, 2007 డిసెంబరులో సాంబా బృందానికి అధికారిక పత్రాలు అందాయి. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ చేతిలో లేనందున దీనిని పూర్తి అర్థంలో ఓపెన్ స్టాండర్డ్ అనలేం. అయినా ప్రోటోకాల్ పత్రాలు నేడు బహిరంగంగా ఉన్నాయి, దానిని అమలు చేసే ప్రోగ్రాములు ఒకటికి మించి ఉన్నాయి, కాబట్టి మన కాగితంలో నాలుగో గడి నిండుతుంది: లినక్స్ కెర్నెల్‌లోని కేఎస్ఎంబీడీ అని రాయండి.

సాంబాను ఇన్‌స్టాల్ చేశాక, ముందుగా సిబ్బంది కోసం ఒక గ్రూపును, ఆ గ్రూపుకు చెందిన ఒక ఫోల్డర్‌ను తయారు చేసి, దాని అనుమతులను 2770గా పెట్టండి. ముందున్న ఆ 2 వల్ల, లోపల ఎవరు కొత్త ఫైలు సృష్టించినా అది వారి సొంత గ్రూపుకు కాక ఫోల్డర్ గ్రూపుకే చెందుతుంది. గ్రూపులో మిగిలినవారు ఆ ఫైలును మార్చగలిగేలా సాంబా సెట్టింగుల ఫైల్లోని షేర్ విభాగంలో క్రియేట్ మాస్క్‌ను 0660గా రాయండి. అదే విభాగంలో ఫోల్డర్ దారిని, అనుమతి ఉన్న గ్రూపును రాసి, ఎస్ఎంబీ పాస్‌వర్డ్ కమాండుతో ఒక్కొక్కరికి పాస్‌వర్డ్ పెట్టి, టెస్ట్‌పార్మ్‌తో సరిచూడండి. పాత స్కానర్ ఒకటి పనిచేయడం లేదని ఎస్ఎంబీ మొదటి రూపాంతరాన్ని తిరిగి తెరవమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై ప్రోగ్రాం ప్రపంచమంతా పాకింది ఆ రూపాంతరంలోని లోపం ద్వారానే. పోర్టు 445 ఏ పరిస్థితిలోనూ ఇంటర్నెట్ వైపు తెరిచి ఉండకూడదు.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టే కార్యాలయాలు తప్పక తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వీటి గురించి ఇంగ్లీషు మార్గదర్శకాలు చెప్పవు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. విండోస్ డిస్కులో ఫైలు పేరు గరిష్ఠ పొడవు 255 యూనిట్లు, తెలుగులో ప్రతి సంకేతం ఒక యూనిట్. డెబియన్ వాడే ఎక్స్‌టీ4 డిస్కు పద్ధతిలో ఆ పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి సర్వర్‌లో 85 సంకేతాలకు మించి పట్టవు. సంకేతం అంటే మన కంటికి కనిపించే అక్షరం కాదు. ‘శ్రీ’ అనేది శకారం, పొల్లు, రేఫ, గుడిదీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. ‘ఆంధ్రప్రదేశ్’ అన్న ఒక్క మాటే 36 బైట్లు తింటుంది. జీవో పూర్తి శీర్షికను ఫైలు పేరుగా పెట్టుకునే గుమాస్తాగారికి సొంత కంప్యూటర్‌లో భద్రంగా ఉన్న ఫైలు సర్వర్‌లోకి కాపీ కాకపోవడానికి కారణం ఇదే. అనుమతుల్లో వెతికితే దొరకదు.

రెండో సంగతి ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తుకు కింది గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. మ్యాక్ కంప్యూటర్ల పాత డిస్కు పద్ధతి రెండో రూపాన్ని వాడేది. అందువల్ల ఒక పాత మ్యాక్ డిస్కు నుండి ఆర్‌సింక్‌తో తెచ్చిన ‘హైదరాబాద్’ ఫోల్డర్ పేరు 30 బైట్లు, విండోస్‌లో టైపు చేసిన ‘హైదరాబాద్’ 27 బైట్లు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, సర్వర్ దృష్టిలో మాత్రం రెండు వేరువేరు ఫోల్డర్లు. కన్‌వ్‌ఎంవీ అనే చిన్న ప్రోగ్రాంకు ఎన్‌ఎఫ్‌సీ స్విచ్చు ఇచ్చి నడిపితే ఏ పేర్లు మారాలో ముందుగా చూపిస్తుంది. సరిచూసుకున్నాక నోటెస్ట్ స్విచ్చు చేర్చితే నిజంగా మారుస్తుంది. మూడోది, కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే ‘రిజిస్టర్’ వంటి మాటల చివర కంటికి కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే సంకేతాన్ని చేరుస్తాయి. దానివల్ల కూడా ఒకే పేరుతో రెండు ఫైళ్లు తయారవుతాయి. ఇలా అనుమానం వచ్చినప్పుడు ఫైళ్ల జాబితాను, బైట్లను విడివిడిగా చూపే హెక్స్‌డంప్‌లోకి పంపి బైట్లు లెక్కపెట్టండి.

లినక్స్ కంప్యూటర్ల కోసం ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో రూపాంతరం చక్కగా సరిపోతుంది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తయారు చేసిన ఈ పద్ధతి తరువాతి కాలంలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ అధీనంలోకి వచ్చింది. దీనికి 2049 అనే ఒక్క పోర్టు చాలు. సర్వర్‌లోనూ కంప్యూటర్లలోనూ ఒకే వ్యక్తికి ఒకే యూజర్ సంఖ్య ఉండేలా చూసుకోండి, లేకపోతే ఒకరి ఫైళ్లు మరొకరి పేరున కనిపిస్తాయి.

ముద్రణ, క్యాలెండర్, యూజర్ల జాబితా

ప్రింటర్ కొనే ముందు దానికి ఐపీపీ ఎవ్రీవేర్ (డ్రైవర్ లేని ముద్రణ ప్రమాణం) గుర్తింపు ఉందో లేదో చూడండి. ఉంటే కప్స్ అనే ముద్రణ సర్వర్ దానిని ఏ డ్రైవరూ లేకుండా 631వ పోర్టుపై నడిపిస్తుంది. క్యాలెండర్‌కు కాల్‌డావ్, చిరునామాల పుస్తకానికి కార్డ్‌డావ్ ప్రమాణాలు ఉన్నాయి. రాడికేల్ అనే చిన్న సర్వర్ ఆ రెండింటినీ నడపడమే కాక, సమాచారాన్ని మామూలు ఫైళ్లుగానే దాచుకుంటుంది. యూజర్ల జాబితాను ఒకేచోట ఉంచే ఎల్‌డాప్ డైరెక్టరీ శక్తిమంతమైనదే గాని, ముప్పై మంది లోపున్న కార్యాలయంలో దాని నిర్వహణకు పట్టే శ్రమ దాని ప్రయోజనాన్ని మించుతుందన్నది నా అనుభవం. తప్పనిసరి అయితే ఓపెన్ ఎల్‌డాప్ పెట్టి, వారానికొకసారి మొత్తం సమాచారాన్ని ఎల్‌డిఫ్ అనే పాఠ్య ఫైలుగా తీసి దాచండి.

ఈమెయిల్ సర్వర్‌ను మాత్రం కార్యాలయ ఇంటర్నెట్ కనెక్షన్‌పై సొంతంగా నడపవద్దు. 25వ పోర్టును చాలా కనెక్షన్లలో మూసి ఉంచుతారు, తెరిచినా పెద్ద సంస్థలు అటువంటి చిరునామాల నుండి వచ్చే ఉత్తరాలను నమ్మవు. ఐమ్యాప్ (ఈమెయిల్ చదివే ప్రమాణం) ద్వారా ఉత్తరాలన్నిటినీ తీసుకునే వీలు కల్పించే సంస్థ దగ్గర సేవ తీసుకుని, నెలనెలా ఒక ప్రతిని మెయిల్‌డిర్ (ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు) రూపంలో మీ సర్వర్‌కు తెచ్చుకోండి.

తలుపులు మూసి, పరీక్షించడం

ఇప్పుడు ఎస్ఎస్ కమాండును టి, యు, ఎల్, ఎన్, పి స్విచ్చులతో నడపండి. సర్వర్‌లో వింటూ ఉన్న ప్రతి పోర్టూ, దాని వెనుకనున్న ప్రోగ్రాం పేరూ వరుసగా కనిపిస్తాయి. వాటిని కాగితంలోని మూడో గడితో ఒక్కొక్కటిగా పోల్చండి. కాగితంలో లేని పోర్టు తెరపై ఉంటే ఆ ప్రోగ్రాం ఎందుకుందో తెలుసుకుని, అవసరం లేకపోతే తీసేయండి. కాగితంలో ఉండి తెరపై లేకపోతే ఏదో సేవ మొదలు కాలేదని అర్థం. ఎన్‌ఎఫ్‌ఎస్ వంటి కెర్నెల్ సేవలకు పోర్టు కనిపించినా ప్రోగ్రాం పేరు కనిపించదు, అందుకు కంగారు పడవద్దు. తరువాత ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే లినక్స్ ఫైర్‌వాల్‌లో, ముందుగా అన్నిటినీ నిరాకరించి, కాగితంలోని పోర్టులను మాత్రం లోపలి నెట్‌వర్క్ శ్రేణికి తెరిచే నియమాలు రాయండి.

ప్రతి సేవనూ కనీసం రెండు భిన్నమైన క్లయింట్లతో పరీక్షించాలి: విండోస్ నుండి ఒకసారి, లినక్స్ లేదా ఆండ్రాయిడ్ నుండి ఒకసారి. ఒకే కంపెనీ సర్వర్, అదే కంపెనీ క్లయింట్ మాట్లాడుకుంటే ప్రమాణాన్ని పాటిస్తున్నాయో, తమలో తాము సర్దుకుంటున్నాయో మనకు తెలియదు.

చివరి పరీక్షకు ఒక పాత కంప్యూటర్ కావాలి. దానిపై డెబియన్‌కు బదులు ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, కాగితంలో నాలుగో గడిలో రాసిన ప్రోగ్రాములలో ఒకదానిని ఇన్‌స్టాల్ చేయండి. డీఎన్‌ఎస్‌తో మొదలుపెట్టడం తేలిక: ఎన్‌ఎస్‌డీని వేసి, బ్యాకప్ నుండి జోన్ ఫైలును దానికి ఇచ్చి, డిగ్‌తో పది పేర్లు అడిగి, పాత సర్వర్ ఇచ్చిన జవాబులతో సరిపోల్చండి. ఎన్‌ఎస్‌డీ మీ జోన్‌లోని పేర్లకు మాత్రమే జవాబిస్తుంది గనుక బయటి పేర్ల కోసం అన్‌బౌండ్‌ను తోడుగా పెట్టవలసి వస్తుందన్న సంగతి కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది. దానిని కాగితంలో రాసుకోండి. ఎంత సమయం పట్టిందో, ఎక్కడ ఆగిపోయారో కూడా తేదీతో సహా కాగితం వెనుక వైపు రాసి, మూడు నెలల తరువాత మరో సేవతో ఇదే పరీక్ష చేయండి. ఆ కాగితాన్ని సర్వర్ గదిలో, సర్వర్ పక్కనే, కళ్లకు కనిపించేలా గోడకు అంటించండి.